పాత సామాన్ల బండి వద్దన్న వస్తువులు

ఆదివారం పొద్దున్నే వీధిలోకి పాత సామాన్ల బండి వస్తుంది. ఒకప్పుడు గొంతెత్తి కేకేసేవాళ్లు. ఇప్పుడు చిన్న మైకులో రికార్డు చేసిన మాటే మళ్లీ మళ్లీ తిరుగుతుంది: పాత పేపర్లు, అట్టలు, ఇనప సామాన్లు, ప్లాస్టిక్ సామాన్లు, పాత బ్యాటరీలు కొంటాం. గేటు దగ్గర బండి ఆగితే ఇంట్లోవాళ్లు మూలల్లో, మంచాల కింద, అటక మీద పడి ఉన్నవన్నీ తెచ్చి ముందు పోస్తారు. బండి అతను జేబులోంచి అయస్కాంతం ముక్క తీసి, పసుపు రంగులో మెరుస్తున్న దీపపు కుందికి తాకిస్తాడు. అంటుకుంటే పైన పూతే, లోపల ఇనుము. అంటుకోకపోతే ఇత్తడి, దాని రేటు వేరు. కాలిపోయిన ఫ్యాను మోటారు తీసుకుని లోపలి తీగను మేకుతో గీరి చూస్తాడు. ఎర్రగా కనిపిస్తే రాగి, తెల్లగా కనిపిస్తే అల్యూమినియం. పేపర్లు ఒక కట్ట, పుస్తకాలు ఒక కట్ట, అట్టలు ఇంకో కట్ట. దేని కాటా దానిదే.

పది నిమిషాల్లో లెక్క తేలుతుంది. చివర్లో ఒక కుప్ప మాత్రం మిగిలిపోతుంది. రెక్సిన్ చెప్పులు, థర్మోకోల్ ముక్కలు, అంచు విరిగిన మెలమైన్ ప్లేట్లు, తడికి ఉబ్బిపోయిన కంప్యూటర్ టేబుల్, గుంటలు పడ్డ ఫోమ్ పరుపు. "ఇవి వద్దమ్మా" అంటాడు. ఊరికే ఇస్తామన్నా తీసుకోడు. థర్మోకోల్ బండి నిండా వేసినా కాటాలో బరువు తూగదు. మెలమైన్ కరగదు. టేబుల్ విప్పితే వచ్చేది రంపపు పొట్టూ జిగురూ. వాటిని కొనేవాళ్లు అతనికి కూడా లేరు.

ఆ వద్దన్న కుప్పను జాగ్రత్తగా చూడాలి. తక్కువ సామానుతో, తేలిగ్గా బతకడం గురించి ఎక్కడ మాట వచ్చినా చర్చ మనసు మీదికే పోతుంది. ఆశ తగ్గించుకోవాలి, కోరికలు అదుపులో పెట్టుకోవాలి అంటారు. అందులో నిజం లేకపోలేదు. అయితే ఇల్లు నిండిపోవడానికి ఆశ ఒక్కటే కారణమైతే మన తాతమ్మల ఇళ్లూ ఇలాగే నిండి ఉండాలి. చీరలంటే, నగలంటే, గిన్నెలంటే వాళ్లకూ ఇష్టమే. తేడా అంతా వస్తువు బయటికి పోయే దారిలో ఉంది. అప్పట్లో ఇంట్లోకి వచ్చిన ప్రతి వస్తువుకీ తర్వాతి మజిలీ ఏమిటో తెలుసు. ఇప్పుడు లోపలికి రావడానికి వెయ్యి దార్లున్నాయి, ఫోన్‌లో ఒక్క నొక్కు చాలు. బయటికి పోయే దారే మూసుకుపోయింది.

తూకానికి పోయేవి, పోనివి

ఇత్తడి బిందెను చూడండి. సొట్ట పడితే సరిచేయించేవాళ్లు. చిల్లు పడితే మాటు వేయించేవాళ్లు. వంట గిన్నె అయితే ఏడాదికోసారి కళాయి పూయించేవాళ్లు. ఇక బాగు చేసినా లాభం లేదనుకున్నాక పాత్రల కొట్టుకు తీసుకెళ్తే తూకం వేసి, తరుగు తీసి, మిగిలిన విలువకు కొత్త బిందె ఇచ్చేవాళ్లు. ఇప్పటికీ ఇస్తున్నారు. పాత ఇత్తడి కరిగి మళ్లీ బిందె అవుతుంది, గంట అవుతుంది, కుంది అవుతుంది. తణుకు దగ్గర అజ్జరం, జనగామ దగ్గర పెంబర్తి లాంటి ఊళ్లు ఇత్తడి పనికే పేరు పడ్డాయి. ఆ లోహానికి చావు లేదు, రూపం మారడమే ఉంటుంది.

స్టీలు గిన్నెల మీద చుక్కలు చుక్కలుగా చెక్కించిన పేర్లు ఇంకో సంగతి చెబుతాయి. ఇంటిపేరు, పెళ్లి తేదీ, ఎవరు ఇచ్చారు, ఎవరి పేరున ఇచ్చారు, అన్నీ ఆ అంచు కింద ఉంటాయి. చెక్కించడం సరదా కోసమే కాదు. ఊళ్లో పెళ్లి అయితే పది ఇళ్ల గిన్నెలు ఒకచోట చేరేవి. పని అయ్యాక ఎవరివి వాళ్లకు చేరాలంటే పేరు ఉండాలి. అంటే అప్పట్లో పెద్ద గుండిగ, పెద్ద జల్లెడ, పది చెంబులు ప్రతి ఇంట్లో ఉండాల్సిన అవసరం లేదు. ఊరంతా కలిపి ఉంటే చాలు. ఏడాదికి రెండు రోజులు వాడే వస్తువు కోసం మిగతా మూడు వందల అరవై మూడు రోజులు జాగా వదలాల్సిన పని లేదు. ఇవాళ ఎవరి ఇంట్లో వాళ్లకు డ్రిల్లింగ్ మెషిన్, నిచ్చెన, పెద్ద కుక్కర్, మడత మంచం ఉన్నాయి. పక్క ఫ్లాట్ తలుపు కొట్టి అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది. ఆ మొహమాటం ఖరీదు ఎంతో ఇంట్లో స్టోర్ రూమ్ చూస్తే తెలుస్తుంది. చదరపు అడుగు 6 వేల రూపాయలు అనుకుంటే 30 చదరపు అడుగుల స్టోర్ రూమ్‌కి 1,80,000 రూపాయలు పడినట్టు. అందులో ఉన్న సామాన్లన్నీ కలిపి అమ్మినా ఆ డబ్బు రాదు.

బట్టల సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. నూలు చీర ఒకటి ఇంట్లో ఎన్ని బతుకులు బతికేదో లెక్కేస్తే ఆశ్చర్యం వేస్తుంది. ముందు గడప దాటేటప్పుడు కట్టే చీర. రంగు వెలిస్తే ఇంట్లో కట్టే చీర. మెత్తబడ్డాక పసిబిడ్డకు ఉయ్యాల, పొత్తిగుడ్డలు. పసివాళ్ల ఒంటికి కొత్త బట్ట గరుకని, ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత బట్టే ముందు వేసేవాళ్లు. తర్వాత నాలుగు చీరలు పొరలు పొరలుగా పరిచి కుట్టిన బొంత. బొంత కూడా చిరిగితే మసిగుడ్డ, ఇల్లు తుడిచే గుడ్డ. చివరికి దీపానికి వత్తి.

పాలిస్టర్ చీరకు ఈ దారి లేదు. చిరగదు, రంగు పోదు, అందుకే పారేయబుద్ధి కాదు. కానీ చెమట పీల్చదు కాబట్టి బొంతకు బాగుండదు, నీళ్లు పీల్చదు కాబట్టి నేల తుడవడానికి కూడా పనికిరాదు. బీరువాలో కొత్తదానిలాగే కూర్చుంటుంది. ఫంక్షన్లకు వెళ్తే వచ్చే పెట్టుడు చీరలు, వాయనాల్లో వచ్చే జాకెట్టు ముక్కలు కూడా ఇలాంటివే. కట్టుకోవడం, కుట్టించుకోవడం తక్కువ. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి, అక్కడి నుంచి మరో పేరంటానికి తిరుగుతుంటాయి. ఒక్కోసారి ఇచ్చినవాళ్ల చేతికే తిరిగి వస్తాయి.

పట్టుచీర దీనికి సరిగ్గా ఎదురు. "పాత పట్టుచీరలు కొనబడును" అని గోడల మీద, పాంప్లెట్ల మీద చూసే ఉంటారు. చిరుగులు పట్టిన చీరను వాళ్లెందుకు కొంటారు? జరీ కోసం. అసలు జరీలో వెండి ఉంటుంది. పాత చీరల అంచులు కాలిస్తే ఆ వెండి చేతికొస్తుంది. కొనేవాళ్లు ముందు జరీ దారం లాగి చూసేది అందుకే. రాగి తీగ మీద పూత పూసిన జరీ అయితే ధర పడిపోతుంది, ప్లాస్టిక్ జరీ అయితే చీర తిరిగి చేతిలో పెట్టేస్తారు. యాభై ఏళ్ల కిందట పెళ్లిలో కట్టిన చీరకు ఇవాళ డబ్బు వస్తోందంటే, ఆ రోజు కొన్నవాళ్లు చీరతో పాటు కాస్త వెండి కూడా కొన్నారన్నమాట.

పాత బట్టలిస్తే స్టీలు గిన్నెలిచ్చే ఆడవాళ్లు నెత్తిన గంప పెట్టుకుని తిరిగేవాళ్లు, కొన్ని ఊళ్లలో ఇప్పటికీ వస్తారు. ఆ బేరం చూడాల్సిందే. మూడు ప్యాంట్లు, రెండు చీరలు, ఒక స్వెటర్ ఇచ్చి డబ్బా అడిగితే, ఇంకో రెండు చీరలు వేయమంటారు. ప్రతి బట్టనూ వెలుగుకు ఎత్తి పట్టి, చిరుగు వెతికి, మెడ పట్టీ తిప్పి చూస్తారు. ఆ కళ్లు తప్పవు. బాగున్నవి ఉతికి, కుట్టి, ఇస్త్రీ చేసి సంతలకు పోతాయి. బొత్తిగా పనికిరానివి గుడ్డపీలికలుగా మెకానిక్ షెడ్లకు, ఫ్యాక్టరీలకు పోతాయి. ఉన్ని బట్టలైతే హర్యానాలోని పానిపట్ దాకా వెళ్తాయి. అక్కడ మిల్లుల్లో పాత ఉన్ని బట్టలను రంగుల వారీగా వేరు చేసి, చీల్చి, పీచు చేసి, మళ్లీ నూలు వడికి దుప్పట్లు నేస్తారు. విదేశాల నుంచి ఓడల్లో వచ్చే పాత స్వెటర్లు, కోట్లు కూడా అక్కడికే చేరతాయి. వరదలప్పుడు, తుఫానులప్పుడు బాధితులకు పంచే చవక దుప్పట్లు ఒకప్పుడు చాలా వరకు ఆ నూలువే.

రెండోసారి పట్టని స్క్రూ

చెక్క సామాను దగ్గర ఈ తేడా చేత్తో తాకి చూడొచ్చు. టేకు బల్ల కాలు ఊగితే వడ్రంగి చీల కొట్టి బిగిస్తాడు. గీతలు పడితే రందా పట్టి, వార్నిష్ వేస్తే కొత్తదవుతుంది. కోస్తా జిల్లాల్లో పాత మండువా ఇళ్లు పడగొడితే ముందు అమ్ముడుపోయేవి స్తంభాలు, ద్వారబంధాలు, దూలాలే. పాత కలప అడితీల్లో వాటికోసం ఇళ్లు కట్టుకునేవాళ్లు వచ్చి బేరం చేస్తారు. వందేళ్లు ఎండిన కలప వంగదు, పగుళ్లు తియ్యదు అని వాళ్లకు తెలుసు.

ఇప్పుడు ఆన్‌లైన్‌లో కొనే మంచాలు, బీరువాలు ఎక్కువగా పార్టికల్ బోర్డువి. చెక్క పొట్టును జిగురుతో కలిపి, ఒత్తి, పైన చెక్కలా కనిపించే కాగితం అతికిస్తారు. మొదటిసారి స్క్రూ బిగించినప్పుడు గట్టిగానే పడుతుంది. ఇల్లు మారేటప్పుడు విప్పి మళ్లీ బిగిస్తే ఆ రంధ్రంలో పొట్టు రాలి, స్క్రూ తిరుగుతూనే ఉంటుంది తప్ప పట్టదు. ఒక వానాకాలం గోడ చెమ్మ తగిలితే అంచు ఉబ్బుతుంది, ఇక దాన్ని చెక్కలేరు, రందా పట్టలేరు. అద్దె ఇళ్లలో ఉండి రెండు మూడేళ్లకోసారి మారేవాళ్లకు ఇది చవక బేరంలా కనిపించి ఖరీదైన బేరం అవుతుంది. అలాంటివాళ్లకు ఇనప మంచం, ఇనప బీరువా నయం. పదేళ్లు వాడాక కూడా కాటాకు తూగుతాయి.

అమెరికాలో చదువుకోవడానికి వెళ్లే తెలుగు పిల్లలు ఈ సంగతి మొదటి నెలలోనే తెలుసుకుంటారు. ఆగస్టులో, జనవరిలో కొత్త బ్యాచ్ దిగుతుంది. మేలో, డిసెంబరులో చదువు అయిపోయినవాళ్లు వేరే ఊరికి బయల్దేరతారు. మధ్యలో వాట్సాప్ గ్రూపుల్లో మూవింగ్ సేల్ నడుస్తుంది. స్టడీ టేబుల్, పరుపు, రైస్ కుక్కర్, ఇండియా నుంచి మోసుకెళ్లిన ప్రెషర్ కుక్కర్, ఆఖరికి కారు కూడా సీనియర్ల నుంచి జూనియర్లకు చేతులు మారుతుంది. కుక్కర్ నాలుగు బ్యాచ్‌లు చూస్తుంది. గ్యాస్కెట్ మార్చుకుంటే చాలు. కారు రెండు మూడు చేతులు మారుతుంది. బోర్డు టేబుల్ మాత్రం రెండో ఇంటికి వెళ్లేసరికి కాలు కుంటుతుంది, మూడో బ్యాచ్‌కి చెత్తకుండీ పక్కన కనిపిస్తుంది. పరుపుల విషయంలో వాళ్లకు ఇంకో టెన్షన్ ఉంటుంది, నల్లులు. ఒక్క పాత పరుపుతో అపార్ట్‌మెంట్ అంతా పాకుతాయి. సెకండ్ హ్యాండ్‌లో ఏదైనా కొనొచ్చు కానీ పరుపు, దిండు, హెల్మెట్ వద్దని అనుభవం ఉన్నవాళ్లు చెప్పేది అందుకే. హెల్మెట్ ఒకసారి దెబ్బ తగిలి ఉంటే పైకి ఏమీ కనిపించకపోయినా లోపలి పొర నలిగిపోయి ఉంటుంది.

మోటార్లు, యంత్రాల దగ్గర రిపేర్ షాపే ప్రాణం. పాత సీలింగ్ ఫ్యాను వైండింగ్ కాలితే మళ్లీ చుట్టించుకోవచ్చు, బేరింగ్ మార్చుకోవచ్చు. ముప్పై ఏళ్ల ఫ్యాన్లు ఇంకా తిరుగుతున్నాయంటే ఆ వీధి చివరి రీవైండింగ్ షాపు పుణ్యమే. ఫోన్ల దగ్గరికి వస్తే బ్యాటరీ లోపల జిగురుతో అతికించి ఉంటుంది, స్పేర్ పార్టు దొరకదు, దొరికినా దాని రేటు సగం ఫోను రేటు. బాగు చేయించడం కన్నా కొత్తది కొనడమే తెలివైన పనిలా కనిపించేట్టు తయారు చేసినప్పుడు, కొన్నవాళ్లను దుబారా మనుషులని తిట్టడం న్యాయం కాదు. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ (బాగు చేయించుకునే హక్కు) పోర్టల్ తెచ్చింది. వ్యవసాయ పనిముట్లు, ఫోన్లు, ఇంటి యంత్రాలు, వాహనాల కంపెనీలు రిపేర్ వివరాలు అక్కడ పెట్టాలన్నది ఉద్దేశం. వివరాలు పెట్టడం వేరు, పార్టు చేతికి దొరకడం వేరు. యూరోపియన్ యూనియన్ ఇంకో అడుగు వేసింది. 2025 జూన్ 20 నుంచి అక్కడ మార్కెట్లోకి వచ్చే స్మార్ట్‌ఫోన్లకు, ఆ మోడల్ అమ్మకం ఆగిపోయాక కూడా ఏడేళ్ల పాటు ముఖ్యమైన స్పేర్ పార్టులు అందుబాటులో ఉంచాలి. ఎంత తేలిగ్గా రిపేర్ అవుతుందో లేబుల్ మీద అక్షరం వేసి చూపించాలి. ఇలాంటి నిబంధన మన దగ్గరా రావాలి. ఫోను రెండో చేతికి వెళ్లాలంటే ముందు అది బాగుపడాలి.

పుస్తకం ఒక్కటే ఈ గొడవలన్నీ దాటిన వస్తువు. ఎన్ని చేతులు మారినా అందులో అక్షరం తగ్గదు. హైదరాబాద్‌లో ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద, మిగతా రోజుల్లో కోఠిలో, విజయవాడలో లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల మధ్య నిలబడితే టైమ్ తెలియదు. మద్రాసులో ఉన్న తెలుగువాళ్లకు ఒకప్పుడు మూర్ మార్కెట్ అలాంటిదే. 1985 మే 30న అది తగలబడిపోయింది. పాఠ్యపుస్తకాలైతే సీనియర్ నుంచి జూనియర్‌కి సగం రేటుకు పోతాయి. సిలబస్ మారిన ఏడాది మాత్రం ఆ గుట్టంతా ఒక్క రోజులో తూకం సరుకు అయిపోతుంది. ఫోన్‌లో డబ్బు కట్టి కొని, అందులోనే చదివే ఈ-పుస్తకానికి ఆ అదృష్టం కూడా లేదు. చాలా వరకు అక్కడ కొనేది చదువుకునే అనుమతి. చదివాక స్నేహితులకు ఇవ్వలేం, ఫుట్‌పాత్ మీద అమ్మలేం, మనవడికి వదిలిపెట్టలేం.

ఎవరి బండి? ఎంత తిరిగింది?

పాత వస్తువు కొనడానికి జనం వెనకాడేది డబ్బు దగ్గర కాదు, నమ్మకం దగ్గర. దీన్ని 1970లో జార్జ్ ఎకర్లాఫ్ అనే ఆర్థికవేత్త పాత కార్ల మార్కెట్‌ను ఉదాహరణగా తీసుకుని ఒక వ్యాసంలో వివరించారు. బండిలో లోపం ఏమిటో అమ్మేవాళ్లకు తెలుసు, కొనేవాళ్లకు తెలియదు. మోసపోతామేమోనని కొనేవాళ్లు రేటు తగ్గించి అడుగుతారు. ఆ రేటుకు మంచి బండి ఉన్నవాళ్లు అమ్మడానికి ఒప్పుకోరు. చివరికి సంతలో మిగిలేవి లోపాలున్న బళ్లే. ఈ ఆలోచనకే ఆయనకు 2001లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. మన ఊళ్లలో ఎవరూ ఆ వ్యాసం చదవలేదు కానీ "తెలిసినవాళ్ల బండి ఉంటే చెప్పు" అని అడగడం వెనక ఉన్న లెక్క అదే. సింగిల్ ఓనర్, టీచర్ గారి స్కూటర్, ఎప్పుడూ నీడలోనే పెట్టారు లాంటి మాటలకు అంత విలువ ఎందుకంటే, అవి కనిపించని లోపం గురించి ఇచ్చే హామీలు.

తెలిసినవాళ్ల దగ్గర కొన్నా కాగితాలు మాత్రం తప్పించకూడదు. బండి అమ్మినప్పుడు పేరు మార్పు కాగితాలైన ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి, డబ్బు తీసుకుని, ఇక మనకేం సంబంధం అనుకునేవాళ్లు చాలామంది. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో తెలియజేయాలి, కొన్నవాళ్లు 30 రోజుల్లో పేరు మార్పించుకోవాలి. ఆర్సీలో పేరు మారకుండా ఆ బండితో యాక్సిడెంట్ జరిగితే, రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే ఓనర్ అని, పరిహారం బాధ్యత వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018లో ఒక కేసులో తేల్చి చెప్పింది. ఆ కేసులో కారు వరసగా చేతులు మారుతూ పోయింది, పేరు మాత్రం మొదటి అతనిదే ఉండిపోయింది. ఫైనాన్స్‌లో కొన్న బండి అయితే అప్పు తీరినట్టు ఫారం 35 కూడా ఉండాలి. ఇక ట్యాక్స్ గురించి ఒక భయం ఉంది. రిజిస్టరైన డీలర్లు పాత బండి అమ్మితే వచ్చిన లాభం మీద 18 శాతం జీఎస్టీ అని 2024 డిసెంబరులో జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయించింది. ఇంట్లో వాడుకున్న బండిని మామూలు మనిషి అమ్ముకుంటే జీఎస్టీ లేదు.

పాత ఫోను కొనేవాళ్లకు ఇప్పుడు ఒక మంచి సదుపాయం ఉంది. *#06# నొక్కితే ప్రతి ఫోనుకూ విడిగా ఉండే 15 అంకెల ఐఎంఈఐ నంబరు కనిపిస్తుంది. కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లో ఆ నంబరు కొడితే అది పోయిన ఫోనుగా బ్లాక్ అయ్యిందో లేదో తెలుస్తుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో కేవైఎం అని, ఖాళీ వదిలి ఆ నంబరు రాసి 14422కి ఎస్సెమ్మెస్ పంపినా చెబుతుంది. హైదరాబాద్ జగదీశ్ మార్కెట్‌లో కొన్నా, పక్కింటి కుర్రాడి దగ్గర కొన్నా డబ్బు చేతిలో పెట్టకముందే రెండు నిమిషాలు దీనికి ఇవ్వాలి. చవకగా వచ్చిందన్న సంతోషంలో దొంగ సొత్తు జేబులో పెట్టుకుని తిరిగితే ఆ తలనొప్పి వేరు.

చవక అనే మాట దగ్గర ఇంకో చిక్కు ఉంది. పాతవి కొనడం, తక్కువ వస్తువులతో బతకడం ఒకటే అనుకుంటాం. కాదు. హైదరాబాద్‌లో ఆదివారం ఎర్రగడ్డ సంతకో, గురువారం జుమేరాత్ బజార్‌కో వెళ్లి, కావాల్సిన ఒక్క డ్రిల్లింగ్ బిట్‌కి తోడు వంద రూపాయలే కదా అని నాలుగు వస్తువులు సంచిలో వేసుకొచ్చేవాళ్లు ఉంటారు. పండగ ఎక్స్‌చేంజ్ ఆఫర్లు చేసే పనీ ఇదే. పాత టీవీకి మంచి రేటు వచ్చిందన్న ఊపులో, ఇంకా పనిచేస్తున్న టీవీని ఇచ్చేసి అవసరానికి మించిన సైజు తెచ్చుకుంటారు. పాతదాని ధర మనకు దారి చూపాలి కానీ ఎర కాకూడదు.

విడిచిన బట్ట

ఇదంతా చెప్పుకున్నాక ఒక మాట దాటేయడం తప్పవుతుంది. మన సమాజంలో పాత వస్తువుకు, ముఖ్యంగా పాత బట్టకు, అవమానం అంటుకుని ఉంది. కట్టి విడిచిన చీరలు, వేసి విడిచిన చొక్కాలు పాలేర్లకు, పనివాళ్లకు, కులవృత్తులవాళ్లకు ఇవ్వడం తరాల అలవాటు. ఇచ్చినవాళ్లు దాన్ని దయ అనుకున్నారు. పుచ్చుకున్నవాళ్లను ఎవరూ అడగలేదు. దొరగారి పిల్లల చొక్కా వేసుకుని బడికి వెళ్తే క్లాసులో అందరికీ అది ఎవరి చొక్కానో తెలుస్తుంది. అలా పెరిగిన మనిషి సంపాదన మొదలయ్యాక పిల్లల పుట్టినరోజుకు, పండక్కి కొత్త బట్టలే కొంటానని పట్టు పడితే అది ఆత్మగౌరవం. అలాంటివాళ్లకు సాదాసీదాగా బతకండి అని సలహా ఇచ్చే హక్కు, రెండు బీరువాలు నిండాక విసుగొచ్చి ఖాళీ చేసుకుంటున్నవాళ్లకు లేదు.

ఎర్రగడ్డ సంతలో పాత జీన్స్ ప్యాంటు పట్టుకుని బేరమాడే కుర్రాడిలో ఆ అవమానం కనిపించదు. నడుం కొలత చూసుకుంటాడు, జిప్పు లాగి చూస్తాడు, నచ్చకపోతే విసిరేసి పక్క కుప్పకు వెళ్తాడు. వద్దనే హక్కు ఉంది కాబట్టి తల ఎత్తుకునే కొంటాడు. ఆ ప్యాంటూ పాతదే. ధర చెల్లించడం వల్ల దానిలోంచి దానం వాసన పోయింది.

ఈ సూక్ష్మం పట్టుకుని పనిచేసిన సంస్థ గూంజ్. అన్షు గుప్తా 1999లో ఢిల్లీలో మొదలుపెట్టారు, 2015లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. నగరాల్లో పోగైన బట్టలు ఊళ్లకు ఊరికే పంచరు. ఊరివాళ్లు తమకు కావాల్సిన పని తామే ఎంచుకుంటారు: బావి పూడిక తీయడం, దారి వేసుకోవడం, చెరువు బాగు చేసుకోవడం. ఆ శ్రమకు గుర్తింపుగా బట్టలు, సామాన్లు అందుతాయి. వేసుకోవడానికి పనికిరాని నూలు బట్టలను ఉతికి, కత్తిరించి ఆడవాళ్లకు నెలసరి ప్యాడ్లు తయారు చేస్తారు. అక్కడ కూడా పనికొచ్చేది నూలే. పాత బట్టలు ఇవ్వాలనుకునేవాళ్లు ఒక్కటి చూసుకుంటే చాలు. గుండీలు ఉన్నాయా, ఉతికి ఉందా, ఇదే చొక్కా మన ఇంటికి వచ్చిన బంధువు చేతికి ఇవ్వగలమా? ఇవ్వలేకపోతే అది ఇంకొకరికి ఇవ్వదగ్గది కాదు, మసిగుడ్డ.

కొత్త వస్తువు కొనేటప్పుడు రేటు, రంగు, రివ్యూలు చూస్తాం. వాటితో పాటు ఇంకొక్క ప్రశ్న వేసుకోవచ్చు: ఐదేళ్ల తర్వాత ఇది ఎవరింటికి పోతుంది? సైకిల్ అయితే పక్క వీధి పిల్లాడికి, కుట్టుమిషను అయితే నేర్చుకునే అమ్మాయికి, ఇత్తడి అయితే కొట్టుకు, పుస్తకం అయితే కోఠికి అని జవాబు వెంటనే వస్తుంది. జవాబు రాని వస్తువు దగ్గర చెయ్యి కాస్త ఆగుతుంది. ఆగాలి కూడా. అది ఇంట్లో మనతో పాటే ఉండిపోయేది, పాత సామాన్ల బండి కూడా వద్దనేది.

భోగి నాడు తెల్లవారుజామున వీధుల్లో మంటలు చూస్తే ఈ తేడా కళ్లకు కడుతుంది. విరిగిన కుర్చీలు, పుచ్చిన తలుపు చెక్కలు, పాత తట్టలు, చాపలు మంటలో వేయడం మన ఆనవాయితీ. పిల్లలు పిడకల దండలు తెచ్చి వేస్తారు, ఆ సెగ మీదే నీళ్లు కాచుకుని తలంట్లు పోసుకుంటారు. ఈ మధ్య ఆ కుప్పల్లోకి రెక్సిన్ సోఫా, పార్టికల్ బోర్డు అల్మారా, ప్లాస్టిక్ కుర్చీ, సైకిల్ టైరు కూడా చేరుతున్నాయి. నల్లటి పొగ లేచి చంటిపిల్లలు దగ్గుతున్నారు, నీళ్ల బిందెకు జిడ్డు మసి పడుతోంది. వెనకటి మంటలో కాలేది కలప, పిడక, గడ్డి. చల్లారాక మిగిలిన బూడిదను జల్లించి, డబ్బాకెత్తి, ఆ ఏడాదంతా అంట్లు తోమడానికి వాడుకునేవాళ్లు.